బార్బెక్యూ టీమ్ పెడతానంటున్న కొడుకు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. పదకొండేళ్ళుగా హ్యూస్టన్ పక్కన ఉంటున్నాం. మావాడు ఇప్పుడు పదో తరగతి. పక్క ఊరి హైస్కూల్ పిల్లలు బార్బెక్యూ పోటీలకి వెళ్తున్నారట. అది చూసొచ్చినప్పటి నుంచి, మా స్కూల్లోనూ టీమ్ పెడతానని నెల రోజులుగా ఒకటే పట్టు. ఇంకో నలుగురు పిల్లలు సరేనన్నారట. మా ఇంట్లో కోడి, చేప, మేక తింటాం కానీ బీఫ్ తినం, ఇంట్లోకి రానివ్వం. మా అత్తగారు మాతోనే ఉంటారు. మా ఆయనేమో "ఇంత దూరం వచ్చింది వీణ్ణి వంటవాణ్ణి చెయ్యడానికా" అని కోప్పడుతున్నారు. నాకైతే నిప్పు, రాత్రిళ్ళు బయట ఉండడం, ఖర్చు, అన్నీ టెన్షనే. కానీ వాడు అడిగేది తప్పు అని కూడా అనిపించట్లేదు. అసలు ఇలాంటిది ఎలా మొదలుపెడతారు? మేం ఒప్పుకోవచ్చా?
ఒక తల్లి, టెక్సాస్

జవాబు: అమ్మా, ఒప్పుకోండి. మిగతా ఉత్తరమంతా చదివే ఓపిక లేకపోయినా ఈ ఒక్క మాట తీసుకోండి.

ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానంటే, మా అమ్మాయి హైస్కూల్లో ఉన్నప్పుడు మూడేళ్ళపాటు ఇలాంటి టీమ్‌తోనే తిరిగింది. దాని వెనక నేనూ తిరిగాను. ఐస్ డబ్బాలు మోశాను, తెల్లవారుజామున పిల్లలకి చాక్లెట్ పాలు వేడిచేసి ఇచ్చాను, నిప్పు దగ్గర నా కూతురు నిలబడ్డ ప్రతిసారీ గుండె గొంతులోకి వచ్చేది. మీ భయం నాకు పరాయిది కాదు.

ముందు ఇదేమిటో మీ ఆయనకి, మీ అత్తగారికి అర్థమయ్యేలా చెప్పాలి. హైదరాబాద్‌లో బార్బెక్యూ అంటే టేబుల్ మధ్యలో చిన్న కుంపటి, దాని మీద సీకులు. టెక్సాస్‌లో ఆ మాటకి అర్థమే వేరు. ఇక్కడ పెద్ద మాంసం ముక్కని మంట తగలకుండా, కట్టె పొగలో, సన్నటి సెగ మీద గంటలకొద్దీ మగ్గబెడతారు. జర్మనీ, చెక్ ప్రాంతాల నుంచి వలసొచ్చిన కసాయివాళ్ళ దుకాణాలు, నల్లజాతి వంటవాళ్ళ పనితనం, మెక్సికన్ కుటుంబాల అలవాట్లు, ఇవన్నీ కలిసి పెరిగిన వంట ఇది. ఆస్టిన్‌కి దక్షిణాన లాక్‌హార్ట్ అనే చిన్న ఊరుంది. అక్కడ 1900లో మాంసం దుకాణంగా మొదలైన క్రైట్స్ మార్కెట్ (Kreuz Market) ఇప్పటికీ నడుస్తోంది. 1999లో రాష్ట్ర ప్రతినిధుల సభ ఆ ఊరిని టెక్సాస్ బార్బెక్యూ రాజధాని అని తీర్మానం చేసింది. హ్యూస్టన్ రోడియో (గుర్రాలు, ఎద్దులతో జరిగే పెద్ద ఉత్సవం) సందర్భంగా జరిగే బార్బెక్యూ పోటీ 1974 నుంచి ఉంది. మనకి సంక్రాంతి పందేలు ఎంతో వీళ్ళకి ఈ పోటీలు అంత. ఆ పెద్దల పోటీల్ని చూసే, గత పది పన్నెండేళ్ళలో హైస్కూళ్ళ పోటీలు కూడా మొదలయ్యాయి. టీచర్ ఉంటారు, నిబంధనల పుస్తకం ఉంటుంది, ఎవరి వంటో తెలియకుండా రుచి చూసి మార్కులు వేసే జడ్జీలు ఉంటారు. వీటన్నిటికంటే ముఖ్యమైన నిబంధన ఒకటి: వంట మొత్తం పిల్లలే చెయ్యాలి. పెద్దవాళ్ళు పక్కన నిలబడి ప్రమాదం జరగకుండా చూడొచ్చు కానీ మాంసం మీద చెయ్యి వెయ్యకూడదు.

కాబట్టి మీవాడు సరదాకి అడగట్లేదు. మీ ఆయన కోపానికి మాత్రం ఒక సమాధానం కావాలి. చదువు పాడవుతుందేమోనన్న భయమైతే, దానికి ఇంట్లోనే ఒక షరతు పెట్టుకోండి. టెక్సాస్‌లో బడి తరఫున పోటీలకి వెళ్ళే పిల్లలకి డెబ్బై మార్కుల నియమం ఎలాగూ ఉంది. మీరు ఎనభై అయిదు అనుకోండి, తొంభై అనుకోండి, వాడితోనే ఒప్పించండి. నెలకో రెండు నెలలకో ఒక శనివారం పోటీ, మధ్యలో కొన్ని ప్రాక్టీసు రోజులు. క్రికెట్ కోచింగ్‌కి, డిబేట్‌కి పిల్లల్ని తిప్పే తండ్రులకి ఇది ఎక్కువ సమయమేమీ కాదు. ఒక్క మాట మాత్రం మీ ఆయనతో అనకండి: "కాలేజీ అప్లికేషన్‌లో బాగుంటుంది" అని. ఆ మాట ఇంట్లో ఒకసారి పుట్టిందంటే వాడి ఇష్టం కాస్తా మీ లెక్కలోకి వెళ్ళిపోతుంది. నేను ఆ తప్పు చేశాను. మా అమ్మాయి నెల రోజులు నాతో ముభావంగా ఉంది.

ఇక అసలు ముడి, బీఫ్.

దీన్ని దాటేసి "చికెన్ వండుకుంటాడ్లే" అనుకుంటే తర్వాత ఇబ్బంది పడతారు. టెక్సాస్ పోటీల్లో బ్రిస్కెట్, అంటే ఆవు లేదా ఎద్దు రొమ్ము మాంసం, అన్నిటికంటే పెద్ద విభాగం. దానితోపాటు మామూలుగా పంది పక్కటెముకలు, కోడి, బీన్స్, ఒక తీపి వంటకం ఉంటాయి. పోటీని బట్టి కొంచెం మారుతుంది. బ్రిస్కెట్ వద్దని మీవాడు టీమ్ మొత్తానికి చెప్పలేడు, చెప్పకూడదు కూడా. మిగతా నలుగురు పిల్లల ఊరి వంట అది. కానీ టీమ్‌లో ఉన్నవాళ్ళంతా అన్నీ ముట్టుకోవాలనీ, అన్నీ తినాలనీ ఎక్కడా లేదు. మా అమ్మాయి టీమ్‌లో ఒక ముస్లిం అమ్మాయి పంది మాంసం జోలికి వెళ్ళేది కాదు. ఆ అమ్మాయి కోడి చేస్తే మాత్రం జడ్జీలు వేళ్ళు నాకేవాళ్ళు. ఇంకో పిల్లాడు శాకాహారి. గుజరాతీ కుటుంబం. వాడు మూడేళ్ళూ నిప్పు మాత్రమే చూసుకున్నాడు. ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు. వాడు రాని రోజు టీమ్‌లో ఎవరికీ కాలూ చెయ్యీ ఆడేది కాదు.

వాడి పనితీరు ఇంకా నాకు కళ్ళముందే ఉంది. అర్ధరాత్రి దాటాక ఫైర్‌బాక్స్ (కట్టెలు మండే ఇనుప పెట్టె) తలుపు కొంచెం తెరిచి, మంట వైపు చూసేవాడు కాదు, పైన గొట్టంలోంచి వచ్చే పొగ వైపు చూసేవాడు. పొగ తెల్లగా, గుప్పులు గుప్పులుగా వస్తే నోట్లోనే ఏదో గొణుక్కుని తలుపు ఇంకో రెండు వేళ్ళు తెరిచేవాడు. పొగ పల్చబడి, నీలంగా, ఉందా లేదా అన్నట్టు అయ్యాకే ఆ చలిలో కుర్చీలో కూర్చునేవాడు. మళ్ళీ నలభై నిమిషాలకి, అలారం లేకుండానే, ఒక కట్టె తెచ్చి ముందు ఫైర్‌బాక్స్ మీద పెట్టి వేడెక్కనిచ్చి, తర్వాత లోపలికి తోసేవాడు. వేడెక్కిన కట్టె లోపలికి వెళ్ళగానే అంటుకుంటుంది. చల్లటి కట్టె ముందు పొగ కక్కుతుంది. ఇది వాడికి ఎవరూ చెప్పలేదు, చూసి నేర్చుకున్నాడు.

కాబట్టి మీరు మీ అబ్బాయిని కూర్చోబెట్టి సూటిగా అడగండి: "బీఫ్ విషయంలో నువ్వేం అనుకుంటున్నావు?" మీ సమాధానం ముందే చెప్పేసి అడగొద్దు. వాడు ముట్టుకోననొచ్చు. గ్లవ్స్ వేసుకుని పని చేస్తాను, తినను అనొచ్చు. రుచి చూడకపోతే ఉప్పు తెలియదు కదా అని కూడా అనొచ్చు. మూడోది వినడానికి మీకు కష్టంగా ఉంటుంది. అయినా వినండి. పదిహేనేళ్ళ పిల్లాడు తన మాట తాను చెప్పుకునే చోటు ఇల్లే అవ్వాలి. నా అభిప్రాయం అడిగితే, మొదటి ఏడాది కోడి, బీన్స్, నిప్పు, ఈ మూడింటికే ఉంటానని వాడు టీమ్‌కి మొదటి రోజే చెప్పడం మంచిది. పోటీ రోజున గుటకలు మింగుతూ చెప్పే మాట కాదిది. మొదటి రోజు చెప్తే పిల్లలు భుజాలెగరేసి ఓకే అంటారు, అంతే. ఇల్లు మీది కాబట్టి ఇంటి వంటింట్లోకి బీఫ్ రాదన్న మీ నియమం అలాగే ఉంచుకోవచ్చు. ఆ ప్రాక్టీసు బళ్ళోనో ఇంకో పిల్లాడి ఇంటి పెరట్లోనో జరుగుతుంది. మీ అత్తగారికి కూడా దాచకుండా, "టీమ్‌లో అదీ వండుతారు, మనవాడి పని కోడి" అని మీరే చెప్పండి. వేరే వాళ్ళ నోటి నుంచి తెలిస్తే ఆవిడకి బాధ రెట్టింపవుతుంది. నేను భయపడేది ఒక్కదానికే, వాడు ఇంట్లో ఒకటి, బయట ఒకటి చెప్పడం మొదలుపెట్టడానికి. మీరు గట్టిగా వద్దంటే జరిగేది అదే.

బీన్స్ గురించి ఒక చిన్న హెచ్చరిక. చాలామంది పింటో బీన్స్‌లో బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసం), బ్రిస్కెట్ ముక్కలు వేస్తారు. మాంసం లేకుండా కూడా బాగా చెయ్యొచ్చు. మనకి పప్పు మెత్తగా, చితక్కుండా ఉడికించడం కొత్తా? రాత్రి నానబెట్టడం, ఉప్పు ఎప్పుడు పడాలి, చిక్కదనం ఎక్కడ ఆపాలి, ఇవి మీకు చేతికి తెలిసిన విషయాలు. వాడికి నేర్పండి. మీరు వండి పంపకండి. అది నిబంధనకి విరుద్ధం.

ఎలా మొదలుపెట్టాలని అడిగారు. అందరూ ముందు పిట్ కొనాలనుకుంటారు. ఇక్కడ పొగపెట్టే ఆ పెద్ద ఇనుప డ్రమ్ముని పిట్ అంటారు. అది అన్నిటికంటే చివర. ముందు కావలసింది ఒక టీచర్. బళ్ళో ఏ టీమ్ అయినా ఒక టీచర్ పూచీ పడితేనే పుడుతుంది. మీవాడి స్కూల్లో కలినరీ (వంట) క్లాసు చెప్పే టీచరో, అగ్రికల్చర్ టీచరో సాధారణంగా ఉంటారు. వాళ్ళలో ఒకరు సరేనంటే సగం పని అయినట్టే. టెక్సాస్‌లో చాలా హైస్కూళ్ళలో వ్యవసాయ విభాగం కింద వెల్డింగ్ నేర్పుతారు. ఆ పిల్లలు ట్రెయిలర్లు, గేట్లతో పాటు పిట్‌లు కూడా తయారుచేస్తారు. టీమ్ కుదురుకున్నాక, వచ్చే ఏడాదికి, ఆ క్లాసు వాళ్ళే వీళ్ళకి పిట్ చేసిపెట్టొచ్చు. అలా జరిగితే ఆ బడిలో అది ఇరవై ఏళ్ళు ఉంటుంది.

టీచర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు మీవాడే వెళ్ళాలి, మీరు కాదు. ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకుని వెళ్తే చాలు: ఎవరెవరు ఉన్నారు, ఏ పోటీకి వెళ్ళాలనుకుంటున్నారు, ఎక్కడ ప్రాక్టీసు చేస్తారు, నిప్పు దగ్గర పెద్దవాళ్ళు ఎవరుంటారు. నాలుగోదానికి పేరు లేకుండా వెళ్తే ప్రిన్సిపాల్ దగ్గర ఆగిపోతుంది. ఆ పేరు మీది అవ్వొచ్చు, మీ ఆయనది అయితే ఇంకా మంచిది. ఆహారాన్ని శుభ్రంగా, ప్రమాదం లేకుండా వండడం తెలుసని చూపే ఫుడ్ హ్యాండ్లర్ సర్టిఫికెట్ పిల్లలందరూ తీసుకుంటే మరీ బాగుంటుంది. ఆన్‌లైన్‌లో రెండు గంటల పని. ఆ కాగితాలు ముందు పెట్టి మాట్లాడే పిల్లలకీ, "సార్, మేం బార్బెక్యూ చేస్తాం" అని ఉత్త చేతులతో వెళ్ళే పిల్లలకీ తేడా టీచర్లు ఇట్టే పట్టేస్తారు.

మిగతా నలుగురు ఎవరన్నది కూడా చూసుకోవాలి. మాంసం అంటే ఇష్టమున్న పిల్లలు దొరుకుతారు. తెల్లారాక గిన్నెలు కడిగే పిల్లలు దొరకరు. పొయ్యి చుట్టూ సెల్ఫీలు దిగి, కడిగే వేళకి మాయమయ్యే ఒక్కడుంటే టీమ్ రెండో పోటీకే విడిపోతుంది. మీవాడికి ఈ మాట చెప్పండి: ముందు ఒక శనివారం అందరినీ పిలిచి, కోళ్ళు వండి, ఎవరు చివరిదాకా ఉన్నారో చూడమనండి.

అవును, కోళ్ళు. మొదలు కోడితోనే. ఒక్క బ్రిస్కెట్ కొంటే యాభై డాలర్లు దాటుతుంది, అది పాడైతే పిల్లల గుండె జారిపోతుంది. కోడి చవక, రెండు గంటల్లో తేలిపోతుంది, అదే రోజు రెండోసారి వండి తప్పు దిద్దుకోవచ్చు. దానికి గుండ్రంగా మూత ఉండే మామూలు కెటిల్ గ్రిల్ సరిపోతుంది. ఆ రూపం 1952లో షికాగో దగ్గర జార్జ్ స్టీఫెన్ అనే ఆయన, తను పనిచేసే వెబర్ బ్రదర్స్ కంపెనీలో, ఓడలకి దారి చూపే ఇనుప తేలుబంతిని సగానికి కోసి చేసిందట. ఇప్పుడు ఎవరో ఒకరి పెరట్లో దుమ్ముపట్టి ఉంటుంది, అడిగితే ఇస్తారు. బొగ్గు ఒక పక్కకి తోసి, కోడి ఇంకో పక్కన పెట్టి, మూత వేస్తే అదే చిన్న పిట్. రెండు పిడికిళ్ళ పోస్ట్ ఓక్ కట్టె ముక్కలో పెకాన్ కట్టె ముక్కలో బొగ్గు మీద వేస్తే పొగ కూడా వస్తుంది. మెస్కీట్ కట్టె మొదట్లో వద్దు, దాని పొగ ఘాటు.

ఇక్కడే మీ అత్తగారి అవసరం పడుతుంది. గోదావరి జిల్లా పల్లెలో పుట్టిన మనిషి కదా, దాలి గుంట చూసే ఉంటారు. పొద్దున్న పిడకలు పేర్చి, నిప్పు రాజేసి, పాల కుండ పెట్టి మూత వేస్తే, మధ్యాహ్నానికి పాలు ఎర్రగా కాగి మీగడ అరంగుళం మందం కట్టేది. మంట కనిపించేది కాదు, పొంగేది కాదు, అడుగంటేది కాదు. అంత సన్నటి సెగని గంటల తరబడి నిలబెట్టడమే బార్బెక్యూ. పెళ్ళిళ్ళకి గాడిపొయ్యి తవ్వి వండే వంటవాళ్ళు కట్టె చేతిలోకి తీసుకోగానే బరువు చూసి పచ్చిదా ఎండినదా చెప్పేవాళ్ళు. ఇక్కడి పిట్‌మాస్టర్లూ అదే చేస్తారు. ఆవిణ్ణి అడిగి చూడండి, మీ ఇంట్లో నిప్పు గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఆవిడే అని తేలుతుంది.

మా పిల్లల మొదటి పోటీ సంగతి చెప్పాలి, ఎందుకంటే మీవాడి టీమ్‌కి కూడా ఇది జరిగే ప్రమాదం ఉంది. కోడి పైకి బంగారు రంగులో నిగనిగలాడుతోంది. మా అమ్మాయి థర్మామీటర్ గుచ్చింది, 170 చూపించింది. కోడికి లోపల 165 ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటాలి, దాటింది కదా అని జడ్జీలకి పంపే డబ్బాలో పెట్టి ఇచ్చేశారు. జడ్జి తొడ కీలు దగ్గర విరవగానే లోపల గులాబీ రంగు, పచ్చి. ఆ డబ్బాని పక్కన పెట్టేశారు. తర్వాత తెలిసింది, సూది మొన ఎముకకి తగిలింది. ఎముక ముందు వేడెక్కుతుంది, మాంసం వెనకబడుతుంది. సూది ఎప్పుడూ మందంగా ఉన్న కండలో, ఎముకకి తగలకుండా, రెండు మూడు చోట్ల గుచ్చి చూడాలి. పచ్చి కోడి తిని ఎవరికైనా జబ్బు చేస్తే అది పోటీలో ఓడిపోవడం లాంటిది కాదు. మంచి డిజిటల్ థర్మామీటర్‌కి పెట్టే డబ్బు దగ్గర పొదుపు చెయ్యకండి. దానితోపాటు ఈ లెక్క కూడా వాడికి కంఠతా రావాలి: మాంసం 40కీ 140కీ మధ్య వేడిలో రెండు గంటలకి మించి ఉండకూడదు, ఎండ 90 దాటిన రోజున గంటే. హ్యూస్టన్‌లో అలాంటి రోజులు ఎన్నో మీకు తెలుసు. పచ్చి మాంసానికి వేరే ఐస్ డబ్బా, వేరే కోత పలక, వేరే కత్తి.

బ్రిస్కెట్ మీవాడు ముట్టుకోకపోయినా దాని తీరు తెలిసుండాలి, ఎందుకంటే మిగతా పనులన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. పెద్ద ముక్కని 250 దగ్గర పెడితే పది పన్నెండు గంటలు పడుతుంది. మధ్యలో ఒక చోట, లోపలి వేడి 150 నుంచి 170 మధ్యకి రాగానే, ముల్లు కదలడం మానేస్తుంది. గంట, రెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. దాన్ని స్టాల్ అంటారు. కొత్త టీమ్‌లు సరిగ్గా అక్కడే కంగారుపడి మంట ఎగదోస్తాయి, మాంసం ఎండి చెక్కవుతుంది. నిజానికి జరిగేది చాలా మామూలు సంగతి. మాంసంలోంచి తడి బయటికొచ్చి ఆవిరవుతూ, దాన్ని చల్లబరుస్తూ ఉంటుంది. మట్టి కుండలో నీళ్ళు చల్లబడినట్టే. ఆవిరి తగ్గేదాకా ఆగాలి, లేదా మాంసాన్ని కసాయి కాగితంలోనో ఫాయిల్‌లోనో చుట్టేయాలి. చివరికి 200 దాటాక లోపలి గట్టి పీచు కరిగి జిగురుగా మారుతుంది, అప్పుడు సూది వెన్నలో దిగినట్టు దిగుతుంది. తర్వాత కనీసం గంట దాన్ని కదపకుండా ఉంచాలి.

అందుకే గడియారం వెనక్కి లెక్కపెట్టాలి. డబ్బా ఇవ్వాల్సింది మధ్యాహ్నం రెండింటికైతే, ఒంటిగంటకల్లా ముక్క కుదురుగా ఉండాలి, పన్నెండుకి దించాలి, అంటే నిప్పు ఎప్పుడు? అర్ధరాత్రికి ముందే. కొన్ని పోటీల్లో నిప్పు శనివారం తెల్లవారుజామునే వెయ్యనిస్తారు, అప్పుడు చిన్న ముక్క, కాస్త ఎక్కువ వేడి. ఒక్కో వంటకానికి ఒక్కో సమయం ఉంటుంది, ఆ కొద్ది నిమిషాల్లో డబ్బా చేరకపోతే తీసుకోరు. మా వాళ్ళు ఒకసారి బీన్స్ డబ్బా మూతకోసం వెతుకుతూ అది కాస్తా పోగొట్టుకున్నారు. పదిహేడేళ్ళ పిల్లాడు చేతిలో డబ్బాతో మైదానం అడ్డంగా పరిగెత్తి, బల్ల దగ్గరికి వెళ్ళేసరికి మూసేశారు. వాడు ఏడవలేదు. డబ్బా తెచ్చి మాకే వడ్డించాడు. ఆ తర్వాత నుంచి వాళ్ళ గుడారం గుంజకి సమయాలన్నీ రాసిన అట్ట కట్టుకునేవాళ్ళు.

నిప్పు విషయంలో మీ టెన్షన్ న్యాయమైనదే, దాన్ని పనిగా మార్చండి. నూలు బట్టలు, వేళ్ళు కప్పే బూట్లు, పొడవు జుట్టు ముడి. పిట్‌కి పదడుగుల్లో మంటలార్పే సిలిండర్ ఉండాలి. అది ఎలా నొక్కాలో అయిదుగురికీ ఒకసారి చేయించి చూపించాలి. చలేస్తోందని గ్రిల్‌నో పిట్‌నో గరాజ్‌లోకో, మూసిన గుడారంలోకో తేకూడదు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే ప్రాణం తీస్తుంది. బూడిద చల్లారిందనుకుని ప్లాస్టిక్ సంచిలో పోసి తగలబెట్టుకున్నవాళ్ళని చూశాను. మూతున్న ఇనుప బకెట్‌లోనే పొయ్యాలి, మర్నాడు దాకా ఉంచాలి. ఇంకోటి, దీని గురించి ఎవరూ చెప్పరు: రాత్రంతా మేలుకున్న పిల్లాణ్ణి శనివారం సాయంత్రం కారు నడుపుకుంటూ ఇంటికి రానివ్వకండి. లైసెన్స్ ఉన్నా సరే. మీరో మీ ఆయనో వెళ్ళి తీసుకురండి. నిప్పు కంటే ఆ దారే నాకు ఎక్కువ భయం.

ఖర్చు గురించి. మొదటి ఏడాది పెద్ద పిట్ లేకుండా, అడిగి తెచ్చిన సామాన్లతో, కోడి వరకు, అయిదు కుటుంబాలు పంచుకుంటే భరించగలిగేదే. తర్వాత డబ్బు కావాలంటే పిల్లలు భోజనం పార్శిళ్ళు అమ్మి సంపాదించుకుంటారు. అయితే బడి వేళల్లో, బడి ఆవరణలో పిల్లలకి తినేవి అమ్మడానికి ఫెడరల్ పోషకాహార నియమాలున్నాయి. అవి చివరి గంట కొట్టిన అరగంట దాకా వర్తిస్తాయి. కాబట్టి ఏది అమ్మినా ముందు టీచర్ ద్వారా ఆఫీసులో అడిగించండి. వచ్చిన డబ్బు బడి ఖాతాలోకే వెళ్ళాలి. ఎవరో ఒక తల్లి ఫోన్‌లోకి పంపించుకోవడం మొదలైతే, ఎంత మంచి తల్లి అయినా, మూడో నెలకి మాటలు పడాల్సి వస్తుంది. ఆ తల్లి మీరు కావద్దు.

మీ వంతు మాట ఒకటి మిగిలింది. మీరు బాగా వండుతారని ఉత్తరంలో మీ మాట తీరు చూస్తేనే తెలుస్తోంది. వాడు రబ్ (మాంసానికి పట్టించే మసాలా పొడి) కలుపుతుంటే, ఉప్పు మిరియాలు చాలవని, కొంచెం ధనియాల పొడి పడితే బాగుంటుందని మీ చెయ్యి లాగుతుంది. నాకు లాగింది. ఒకసారి మా అమ్మాయి వెనక నిలబడి "మూత తియ్యి, మాడుతుందేమో" అన్నాను. అది తిరిగి నా వైపు చూసి, "అమ్మా, మూత తీసిన ప్రతిసారీ వేడి పోతుంది. నువ్వు కుర్చీలో కూర్చో" అంది. కోపంగా కాదు, పని మధ్యలో ఉన్న మనిషి మాట్లాడినట్టు. ఆ గొంతు అప్పటిదాకా ఇంట్లో నేను వినలేదు. వెళ్ళి కూర్చున్నాను. తనకి వండడం వచ్చని కాదు, పదిమంది తన మాట మీద నడుస్తున్నారని అప్పుడు చూశాను. మీ ఆయనకి ఆ దృశ్యం ఒక్కసారి చూపించండి. ఆ తర్వాత వంటవాడన్న మాట ఆయన నోటి నుంచి అదే అర్థంలో రాదు.

ఇంతకంటే ఎక్కువ ఆలోచించకుండా వచ్చే శనివారం రెండు కోళ్ళు కొని ఇవ్వండి. వాటిని వెన్నెముక పక్కన కోసి పరచడం వాడే చూసి నేర్చుకుంటాడు. ముందు రోజు రాత్రే ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టమనండి, మూత వెయ్యకుండా, చర్మం ఆరేలా. మీ ఏరియాలో ఎండాకాలపు నిప్పు నిషేధం ఏదైనా ఉందేమో కౌంటీ వాళ్ళ దగ్గర చూసుకోండి. ఆ నలుగురు పిల్లల్నీ పిలవండి. మీ అత్తగారికి గ్రిల్ పొగ తగలని పక్కన కుర్చీ వేసి, పొగ ఎప్పుడు పల్చబడిందో ఆవిణ్ణే చెప్పమనండి. ఎవరు చివరిదాకా ఉండి గ్రిల్ కడిగారో ఆ రాత్రి నాకు రాయండి. టీచర్‌కి ఇచ్చే కాగితంలో ఏం రాయాలో అప్పుడు కలిసి చూద్దాం.